చేతులు చూపించమన్నవాళ్ళు

కోచ్ పని నేర్చుకుందామని నా దగ్గరకు వచ్చే పిల్లలు మొదటిరోజు రెండే అడుగుతారు. ఏ ఫోన్ మంచిది, ఏ జట్టు పెద్దది. జట్టు యజమాని ఎలాంటివాడని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చల్లగా రాయలేను. ఆ సీజన్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు సుధాకర్. మాది శంషాబాద్. నలభై రాకుండానే పని మానేసి రిటైరయ్యానంటే మా చుట్టాలు నవ్వుతారు. ఫోన్‌లో ఆటల పోటీల్లో అది ముసలితనమే. ఆడేవాళ్ళకు పాతికేళ్ళు దాటితే వేళ్ళు నెమ్మదిస్తాయి. కోచ్‌కు ముందుగా అయిపోయేది ఓపిక. నాకు అదే అయిపోయింది.

అసలు పని

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పదహారు జట్లు, జట్టుకు నలుగురు, ఒక దీవి మీద దిగుతారు. ఆయుధాలు వెతుక్కుంటారు. ప్రాణంతో నిలబడగలిగే చోటు అంతకంతకూ కుంచించుకుపోతుంది. చివరిదాకా మిగిలిన జట్టుది ఆ రౌండు. ఇలా సీజన్ పొడవునా ఆడుతూ పాయింట్లు కలుపుకుంటూ పోవాలి. సీజన్‌లో చాలా భాగం ఎవరి చోటు నుంచి వాళ్ళు ఆన్‌లైన్‌లో ఆడతారు. ఫైనల్ మాత్రం పెద్ద హాల్లో, జనం ముందు, వేదిక మీద.

గురి చూసి కాల్చడం నేర్పేది కోచ్ అనుకుంటారు. మా దాకా వచ్చే పిల్లలకు అది ముందే వచ్చు. ఓడిపోయిన రౌండును మళ్ళీ గోడ మీది టీవీలో వేసి, ఎవరు ఎక్కడ తొందరపడ్డారో నలుగురి చేతా కొట్లాట లేకుండా చెప్పించడం కోచ్ పని. వేళకు పడుకోబెట్టడం కోచ్ పని. ఓడిన రోజు నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం తినిపించడం అన్నిటికన్నా కష్టమైన పని. మిగిలిన శక్తంతా యజమానుల నుంచి పిల్లలను కాపాడడానికి ఖర్చవుతుంది.

నా మొదటి యజమాని ఒక వాస్తు మనిషిని తీసుకొచ్చాడు. ఆడేవాళ్ళందరూ తూర్పుకు తిరిగి కూర్చోవాలని బల్లలన్నీ తిప్పించాడు. తూర్పున పెద్ద కిటికీ. పొద్దున ఎండ నేరుగా కళ్ళలోకి, స్క్రీన్ల మీదికి. తెర కడదామంటే లక్ష్మి రాదన్నాడు. ఆ వారం ఓడిపోయాక, పిల్లలకు ఏకాగ్రత లేదని ఇంటి పైకప్పు ఎగిరేలా అరిచాడు. మర్నాడు నేను బల్లలు మళ్ళీ తిప్పించాను. ఆయన గమనించనేలేదు. ఆట చూడడానికి ఒక్కరోజైనా వస్తే కదా.

అలాంటివాడితో నవ్వుకుని బతకొచ్చు. నేను చెప్పబోయేవాడు వేరు.

శిరీష

మహేందర్‌ది మహేశ్వరం చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారం. అందరూ మహేందరన్న అంటారు. శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి కొత్వాల్‌గూడలో ఒక విల్లా కిరాయికి తీసుకుని జట్టు పెట్టాడు. విమానాలు ఇంటి కప్పును తాకుతాయేమో అన్నంత కిందుగా వెళ్ళేవి. నాలుగు రోజుల్లో మాకు అలవాటైపోయింది. మొదట్లో ఆయన మీద నాకు గౌరవమే. మంచి తిండి పెట్టించాడు, మంచి కుర్చీలు వేయించాడు, ఒకడికి బొటనవేలు నొప్పి పుడితే వెంటనే దవాఖానకు పంపాడు.

జట్టులో ముగ్గురు దొరికారు. శంషాబాద్ బస్తీ నుంచి ఇమ్రాన్, మహేశ్వరం నుంచి నరేశ్, విజయవాడ నుంచి కిరణ్. ముగ్గురూ కాల్చడంలో గట్టివాళ్ళు, ఒకరి మాట ఒకరు వినరు. నాలుగో మనిషి కోసం చిన్నచిన్న పోటీలు చూస్తుంటే ఒక అమ్మాయి ఆట కంటబడింది. శిరీష. కందుకూరు దగ్గరి ఊరు. డిగ్రీ చదువుతోంది. తండ్రి యాదయ్య కూరగాయలు పండిస్తాడు.

మొదటిరోజు ప్రాక్టీస్‌లో ముగ్గురు మగపిల్లలూ ఒకేసారి అరుస్తున్నారు. ఒకడు కొండెక్కుదామంటాడు, ఒకడు జీపెక్కుదామంటాడు. శిరీష కాసేపు విని హెడ్‌ఫోన్ తీసేసింది.

“అందరు ఒక్కసారే మాట్లాడితే ఎవ్వలు ఇంటరు? ఎవలన్న ఒక్కరు చెప్పుండ్రి, మిగిలినోళ్ళం చేద్దాం.”

“నువ్వే చెప్పు మరి,” అన్నాడు ఇమ్రాన్ వెటకారంగా.

ఆమె చెప్పింది. ఆ రౌండు గెలిచారు. మర్నాటి నుంచి ఎవరూ అడగకుండానే ఆమే జట్టుకు నాయకురాలు. గొంతు పెంచేది కాదు. “వద్దు... ఇంకా వద్దు... ఆగుండ్రి... ఇగ పోదాం.” ఆ నిదానం నేను నేర్పింది కాదు, ఎవరికీ నేర్పలేను కూడా.

ఆమెను పంపేముందే యాదయ్య మా విల్లా చూడడానికి వచ్చాడు. సాయంత్రం కాగానే శంషాబాద్‌లో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళిపోవాలన్నది ఆయన షరతు. నేను సరేనన్నాను.

“నాకు గీ ఆట తెల్వది సారూ,” అన్నాడు. “నా బిడ్డ ఒక పని పట్టిందంటే ఇడిసిపెట్టది. గదొక్కటి తెలుసు.”

వెనక వినిపించిన మగ గొంతు

సీజన్ మొదలైనప్పుడు మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సగం సీజన్ అయ్యేసరికి పట్టికలో పైకి వచ్చేశాం. పెద్ద జట్ల అభిమానులకు మింగుడు పడలేదు. ఎవడో మా మ్యాచ్‌లో ఒక ముక్క కత్తిరించి పెట్టాడు. ఆడేది ఈ అమ్మాయి కాదు, పక్కన కూర్చున్న తమ్ముడు, ఈమె మాట్లాడుతుందంతే అని. సాక్ష్యం ఏమిటంటే, ఆమె మైకులో వెనక నుంచి ఒక మగ గొంతు వినిపించిందట.

వినిపించింది నిజమే. అది మా వంటమనిషి అంజయ్య గొంతు. అన్నం పెట్టాలా అని అడిగాడు. ఇంట్లో అయిదుగురు మగవాళ్ళం ఉన్నాం, మగ గొంతు వినిపించకుండా ఎలా ఉంటుంది? ఇమ్రాన్ మైకులో ఆడగొంతు వినిపిస్తే అతని బదులు అక్క ఆడుతోందని ఎవరైనా అంటారా?

ఇమ్రాన్ ఊరుకోలేక లైవ్‌లోకి వచ్చి చెప్పాడు. “ఆమె నా పక్కనే కూసోని ఆడుతది భయ్యా. నేను కండ్లార చూస్తున్న.” అంతే, అతనికీ ఆమెకూ సంబంధం అంటగట్టారు. నరేశ్ తల వంచుకున్నాడు. నాలుగు మాటలు నువ్వూ చెప్పు అని కిరణ్‌ను అడిగితే, “సార్, మనం మాట్లాడితే మన మీద కూడా పడతారండి. మ్యాచ్‌ల మీద దృష్టి పెడదామండి,” అన్నాడు. రోజంతా ఆమె చెప్పిన దారిన నడిచి ప్రాణాలు దక్కించుకునే కుర్రాడు! భయస్థుడని వదిలేశాను గానీ, ఆ మాట ఇంకా మరిచిపోలేదు.

నేను మహేందర్ దగ్గరికి వెళ్ళాను. యజమానిగా ఒక్క మాట చెప్పమన్నాను. “మా అమ్మాయి మా ఇంట్లో, మా కళ్ళముందు ఆడుతోంది” అంటే చాలు.

ఆయన ఫోన్ చూపించి నవ్వాడు. “చూసేటోళ్ళు ఎంత పెరిగిండ్రో చూడు. మాట్లాడనీయ్ సుధాకర్, మన పేరే గద మాట్లాడుతున్నరు.”

“పేరు మనది కాదన్నా, ఆ పిల్లది.”

“గామె ఏమన్న ఏడుస్తుందా? మంచిగనే ఆడుతుంది గద.”

చివరికి ఆయన చేసిన ఏర్పాటు, ఆమె చేతుల మీద కెమెరా పెట్టి ఆడించడం. తప్పు చేశారన్నవాళ్ళను నిరూపించమనకుండా, ఏ తప్పూ చేయని మనిషిని చేతులు చూపించమన్నాడు. శిరీష ఒప్పుకుంది. ఆడింది. బాగా ఆడింది. వీడియోలో మార్పులు చేశారన్నారు జనం. మళ్ళీ లైవ్‌లో, చూసేవాళ్ళ చేత ఓట్లు వేయిస్తూ ఆడించాలన్నాడు మహేందర్.

“ఒక్కసారి చూపించిన మహేందరన్నా,” అంది శిరీష. “నమ్మేటోళ్ళు నమ్మిండ్రు. మిగిలినోళ్ళు వద్దంటున్నది నా ఆటను కాదు, నన్నే. ఇగ చూపియ్య.”

ఆయన మొహం మాడిపోయింది. తన ముందు ఒక ఆడపిల్ల కాదనడం ఆయనకు కొత్తనుకుంటాను.

ఈలోగా ఊళ్ళో ఎవరో ఆ రాతలన్నీ యాదయ్యకు చదివి వినిపించారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన మోటారుసైకిల్ మీద వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“ఇగ సాలు సారూ. బిడ్డను తోల్కపోత. మేం ఎవ్వల సొమ్ము తినలే, ఎవ్వలతోని మాట పడలే.”

శిరీష బయటికి వచ్చింది. తండ్రి చేయి పట్టుకుంది.

“బాపూ, గిప్పుడు నీ ఎంబడి వస్తే వాళ్ళు అన్నది నిజమైతది. గీ సీజన్ అయిపోనీయ్. తర్వాత నువ్వు ఎట్లంటే గట్ల.”

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మహేందర్ ఎత్తు

ఫైనల్‌కు అర్హత సంపాదించాం. పుణెలో జరుగుతుంది. ఆ సంతోషంలో అంజయ్య చేసిన బిర్యానీ ఇంకా పూర్తికాలేదు, మహేందర్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వివేక్. ఆటల వీడియోలతో పేరున్నవాడు. అతను నవ్వితే లక్షలమంది నవ్వుతారు. పోటీ ఆట ఒక్కటీ ఆడలేదు.

“ఫైనల్ల వివేక్ ఆడుతడు. శిరీష ఎక్స్‌ట్రా. జర గొడవ సల్లారనీ,” అన్నాడు మహేందర్.

బిర్యానీ ప్లేటు ముందు శిరీష చేయి ఆగిపోయింది. ఆమె లేచి చేయి కడుక్కుని అత్త ఇంటికి వెళ్ళిపోయింది.

నేను మహేందర్‌ను పక్కకు తీసుకెళ్ళాను. ఫైనల్‌లో ఫోన్లు నిర్వాహకులే ఇస్తారు. ప్రతి జట్టు వెనకా రిఫరీ నిలబడతాడు. ఎవరి వేళ్ళు ఎక్కడున్నాయో హాలంతా చూస్తుంది. ఆ అనుమానం దానంతట అదే చచ్చిపోయే చోటు ప్రపంచంలో ఏదైనా ఉంటే అది ఆ వేదిక. సరిగ్గా అక్కడికే ఆమెను ఎక్కనివ్వనంటున్నాడు! ఆమె దొంగ అని ఆయన నమ్మితే ఇన్నాళ్ళూ ఎందుకు ఆడించాడు? నమ్మకపోతే ఇప్పుడెందుకు దించుతున్నాడు? ఇదే అడిగాను.

“నువ్వు ఆట చూసుకో సుధాకర్,” అన్నాడు. “ఆట బయటి సంగతి నేను చూసుకుంట.”

పుణె వెళ్ళేముందు ప్రాక్టీస్‌లో వివేక్ మూడు రౌండ్లలో మూడుసార్లూ మొదటే చచ్చిపోయాడు. మంచి కుర్రాడే. నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. “అన్నా, స్టేజి మీద నాకు చేతులు వణుకుతయ్. ఆమెనే కూసోబెట్టు.” ఈ మాటే బయట చెప్పు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఈ ఆటలో నేను చూసిన పిరికితనమంతా ఇలాంటిదే. గదిలో అందరికీ న్యాయం తెలుసు, తలుపు దాటాక ఒక్కరికీ గుర్తుండదు.

పుణెలో

వెంట వచ్చిన అయిదుగురిలో ఏ నలుగురు ఆడతారో ఉదయం రిఫరీకి చెప్పేది కోచ్. ఒకసారి చెబితే ఆ రోజుకు మార్చడానికి లేదు. మహేందర్‌కు ఈ నియమం తెలియదు. ఆట బయటి సంగతులు చూసుకునే మనిషి కదా.

రిఫరీ అడిగాడు. ఇమ్రాన్, నరేశ్, కిరణ్, శిరీష అన్నాను.

శిరీష నావైపు తిరిగింది. “అన్నా, నీ కొలువు?”

“అది నా సంగతి. నువ్వు ఎక్కు.”

జట్టు పేర్లు తెర మీద పడగానే ముందు వరుసలోంచి మహేందర్ పరుగెత్తుకొచ్చాడు. నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. “ఎవలనడిగి చేసినవ్? మార్పియ్యి!” అన్నాడు. మార్చడం కుదరదని రిఫరీయే చెప్పాడు. “నీ సంగతి తర్వాత చూస్త,” అని వెళ్ళి కూర్చున్నాడు.

మొదటి రౌండు ఘోరం. ఎటు పోవాలో శిరీష వేళకు చెప్పలేకపోయింది. మావాళ్ళు దిగిన చోటే చనిపోయారు. హాల్లో ఒక మూల నుంచి కేకలు మొదలయ్యాయి. భాయీకో బులావ్, భాయీకో బులావ్. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నా ఆ అరుపులకు వేదిక అదిరింది. ఆట సాగుతుండగా కోచ్ మాట్లాడకూడదు. అవతల నిలబడి పిడికిళ్ళు బిగించుకోవడం తప్ప నేనేం చేయలేకపోయాను.

రౌండ్ల మధ్య విరామంలో దగ్గరకు వెళ్ళాను. ఆమె మొహం పాలిపోయింది.

“అన్నా, వాళ్ళు ఏమంటున్నరు?”

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమెకు ఇప్పటికే చాలామంది అబద్ధాలు చెప్పారు. “మీ తమ్ముణ్ణి పిలువుమంటున్నరు.”

ఆమె ఫక్కున నవ్వింది. “మావోడా? వాడొస్తే దిగకముందే సస్తడు.” ఇమ్రాన్ నవ్వాడు. నరేశ్ నవ్వాడు. చివరికి కిరణ్ కూడా నవ్వాడు.

రెండో రౌండు నుంచి ఆ నిదానం తిరిగొచ్చింది. “ఆగుండ్రి... ఇంకా వద్దు... ఇగ పోదాం.” ఆఖరి రౌండులో ముగ్గురూ పడిపోయాక ఆమె ఒక్కతే రాళ్ళ మధ్య మిగిలింది. ఎదురుగా ఇద్దరు. పెద్ద తెర మీద ఆమె ఆట, పక్కనే చిన్న చతురస్రంలో ఆమె చేతులు. ఒకణ్ణి పడగొట్టింది, రెండోవాణ్ణి పడగొట్టింది. హాలంతా లేచి నిలబడింది. కేకలు వేసిన ఆ మూల కూడా.

మేం గెలవలేదు. నాలుగో స్థానం. మొదటి రౌండు పోకపోతే మొదటి రెండింట్లో ఉండేవాళ్ళం. ఆ రౌండును పోగొట్టింది ఆమె కాదని నేను ఇవాళ్టికీ అంటాను.

పూలదండలు

ఆ రోజే, హాలు వెనక నడవాలో మహేందర్ నన్ను పనిలోంచి తీసేశాడు. దానికి నేను సిద్ధపడే ఉన్నాను. తర్వాత జరిగినదానికే సిద్ధపడి లేను.

మేం శంషాబాద్‌లో దిగి బయటికి వచ్చేసరికి డప్పులు, పూలదండలు, కెమెరాలు. ముందు విమానంలోనే వచ్చేసిన మహేందర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద శిరీష ఫొటో, “మా ఆడపులి” అని అక్షరాలు. పక్కన అంతకంటే పెద్దగా మహేందర్ ఫొటో. వేదిక ఎక్కనివ్వనన్న మనిషి!

అంతకుముందు తిట్టినవాళ్ళు కూడా అప్పటికే శభాష్ అని రాస్తున్నారు. ఒక్కడంటే ఒక్కడు తప్పైందని రాయలేదు.

మహేందర్ ఆమె మెడలో దండ వేసి కెమెరా వైపు తిప్పాడు. “చెప్పు బిడ్డా, మహేందరన్న నిన్నెట్ల నమ్మిండో చెప్పు.”

యాదయ్య జనం వెనక నిలబడి ఉన్నాడు. శిరీష ఆయన్ను చూసింది. తర్వాత కెమెరా వైపు తిరిగింది.

“నన్ను ఆడిపిచ్చింది సుధాకరన్న. మహేందరన్న వద్దన్నడు,” అంది. దండ తీసి మహేందర్ చేతిలో పెట్టింది. “గా ఫొటోలకెల్లి నన్ను తీసేయుండ్రి.”

డప్పులవాళ్ళకు అర్థంకాక ఇంకాసేపు కొడుతూనే ఉన్నారు. ఆమె తండ్రి బండెక్కి వెళ్ళిపోయింది.

మీకు చెప్పేది

ఈ కథ విన్నవాళ్ళు “ఎంత స్ఫూర్తినిచ్చిందో” అంటారు. నాకు ఆ మాట వింటే చిరాకు. ఆమె ఎవరికో స్ఫూర్తినివ్వడానికి రాలేదు, ఆడడానికి వచ్చింది. “చివరికి నిరూపించుకుంది కదా” అంటారు. నిరూపించుకోవాల్సిన పని ఆమెకెందుకు పడింది? ముందు దానికి జవాబు చెప్పండి.

అక్కడితో అయిపోయిందనుకోకండి. తర్వాతి సీజన్ ఆమె వేరే జట్టుకు ఆడింది. కొత్త పోటీ, కొత్త జనం, మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ చేతుల మీద కెమెరా. ఆమె కన్నా తక్కువ ఆడే కుర్రాళ్ళు ఇవాళ పేరున్న ఆటగాళ్ళు. ఆమె విసిగిపోయి మానేసింది. పోటీ ఆటలో అంత నిదానమైన బుర్రను నేను మళ్ళీ చూడలేదు. దాన్ని మనమే పోగొట్టుకున్నాం.

కోచ్ కాబోయేవాళ్ళారా, యజమాని పెట్టే తిండినీ కుర్చీలనూ చూసి మోసపోకండి. మీ ఆటగాడి మీద అబద్ధం పడిన రోజు ఆ యజమాని నోరు విప్పుతాడా లేదా, అదొక్కటి చూడండి. విప్పకపోతే ఆ వారమే గట్టిగా నిలదీయండి, ఫైనల్ దాకా ఆగకండి. గదిలో మాత్రమే నిజం చెప్పే పిల్లలకు, తలుపు బయట కూడా చెప్పడం నేర్పండి. గురి నేర్పడానికి వీడియోలు ఉన్నాయి, దీనికి మీరే ఉన్నారు.

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక పోటీకి చూడడానికి వెళ్ళాను. వేదిక మీద రిఫరీల నల్ల టీషర్టు వేసుకుని శిరీష నిలబడి ఉంది. ఆ పనిలో చేరిందని నాకు తెలియదు. ఆమె ముందు కూర్చున్న జట్టులో ఒక అమ్మాయి ఉంది. ఆట మొదలయ్యేముందు అవతలి జట్టు మేనేజర్ వచ్చాడు.

“మేడం, ఆ అమ్మాయి ఫోన్ ఒకసారి మళ్ళీ చెక్ చేస్తారా?”

“ఎందుకు సార్? అన్ని ఫోన్లు మేమే ఇచ్చినం గద.”

“ఊరికేనండి. జనం ఏదో అనుకుంటున్నారు...”

“సరే సార్, చూస్త,” అంది శిరీష. “అందరివి చూస్త. మొదలు మీ జట్టు నుంచే. మీవాళ్ళను లేవుమనుండ్రి.”

“వద్దులెండి,” అని ఆయన వెనక్కి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. శిరీష చేయి ఎత్తి సైగ చేసింది. ఆట మొదలైంది.